పిల్ వేసుకుంటే విటమిన్లూ మింగాలా?

పీసీఓడీ అనే అండాశయ సమస్యకు డాక్టరమ్మ రాసిచ్చిన గర్భనిరోధక హార్మోన్ మాత్రల, అంటే పిల్ కోసం కొండాపూర్‌లోనో మాదాపూర్‌లోనో మెడికల్ షాపుకు వెళ్తే, కౌంటర్ మీద ఇంకో మూడు రకాల డబ్బాలు ఎదురుగా కనిపిస్తాయి. నీళ్లలో వేస్తే పొంగే సి విటమిన్ బిళ్లలు, ఇ విటమిన్ గుళికలు, జుట్టు కోసం బయోటిన్ గమ్మీలు. "మేడమ్, ఇవి వాడుతున్నప్పుడు యాంటీ ఆక్సిడెంట్ కూడా వేసుకుంటే మంచిది" అన్న సలహా అక్కడే దొరుకుతుంది. అదే మాట ఆఫీసు కేఫెటేరియాలో స్నేహితురాలు చెబుతుంది, రాత్రి ఫోన్‌లో రీల్ చెబుతుంది. పిల్ ఒంట్లోని విటమిన్లను తగ్గిస్తుందనీ, ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెంచుతుందనీ, ఆ లోటు పూడ్చడానికి విటమిన్లు కొని మింగాలనీ ఈ వాదన.

ఇందులో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి. పిల్ నిజంగా విటమిన్లను తగ్గిస్తుందా? ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెంచుతుందా? పెంచితే విటమిన్ బిళ్ల దాన్ని సరిచేసి ఆరోగ్యానికి మేలు చేస్తుందా? మొదటిదానికి గట్టి సాక్ష్యం ఉంది, కానీ దానికి షరతులున్నాయి. రెండోదానికి కొంత ఉంది. మూడోదానికి, అమ్మేవాళ్లు చెప్పేంత ధీమాగా చెప్పడానికి, లేదు. మొదటి ప్రశ్నపై ప్రపంచం ఇప్పటికీ చెప్పుకునే పనిలో కొంత భాగం మన హైదరాబాద్‌లోనే జరిగింది. రాయదుర్గంలో నాగోలు వైపు మెట్రో ఎక్కితే అదే లైన్లో తార్నాక వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది అక్కడే.

తార్నాక పరీక్షనాళికలో తేలింది

1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం మొదలుపెట్టిన చిన్న విభాగం 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. సరిగ్గా ఆ ఏడాదే అక్కడి శాస్త్రవేత్త మహతాబ్ బామ్జీ, రక్తంలోని ఒక ఎంజైమును చూసి మనిషిలో బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్, చాలినంత ఉందో లేదో చెప్పవచ్చని చూపిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ ఎంజైము పేరు గ్లూటాథయోన్ రిడక్టేజ్.

ఈ పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రశ్నకు తాళంచెవి ఇందులోనే ఉంది. తిండిని ఆక్సిజన్‌తో మండించి శక్తి తీసుకునే క్రమంలో మన కణాల్లో చురుకైన, పక్కనున్న కొవ్వులనూ ప్రొటీన్లనూ పాడుచేయగల అణువులు పుడుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు అణచడానికి కణంలో ఉన్న ముఖ్యమైన పదార్థం గ్లూటాథయోన్. పని చేశాక అది వాడిపోయిన రూపంలోకి మారుతుంది. దాన్ని తిరిగి పనికొచ్చే రూపంలోకి తెచ్చేది ఈ రిడక్టేజ్. పుట్టే అణువులు అణచే శక్తిని మించిపోయిన స్థితినే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటున్నాం.

ఆ రిడక్టేజ్ పని చేయాలంటే రైబోఫ్లేవిన్ నుంచి తయారయ్యే ఎఫ్‌ఏడీ అనే తోడు కావాలి. పరీక్ష చేసేవారు ఎర్ర రక్తకణాలను వేరుచేసి, వాటి రసాన్ని రెండు భాగాలు చేస్తారు. ఒకదాన్ని ఉన్నదున్నట్టే కొలుస్తారు. రెండోదానికి బయటి నుంచి ఎఫ్‌ఏడీ కలిపి కొలుస్తారు. రెండు నాళికల్లోనూ ఎంజైము వేగం ఇంచుమించు ఒకటే అయితే ఆ మనిషికి బి2 చాలినంత ఉన్నట్టు. ఎఫ్‌ఏడీ కలిపిన నాళికలో వేగం బాగా పెరిగితే, ఒంట్లో ఎంజైము ఉన్నా తోడు లేక కొంత ఖాళీగా కూర్చుందన్నమాట.

ఈ పరీక్ష చేతిలో ఉండగా, 1975లో ఎఫ్. అహ్మద్, బామ్జీ, ఎల్. అయ్యంగార్ కలిసి గర్భనిరోధక మాత్రలు విటమిన్ల మీద చూపే ప్రభావంపై అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో రాశారు. వాళ్లు చూసింది పేద కుటుంబాల స్త్రీలను. వాళ్లలో చాలామందికి మాత్ర మొదలుపెట్టకముందే బి విటమిన్ల కొరత ఉంది. మాత్రతో ఇబ్బంది ఎక్కువగా కనిపించినవి బి2, బి6. అదే సమయంలో రక్తంలో ఎ విటమిన్ పెరిగింది. అంటే పిల్ అన్ని విటమిన్లనూ ఊడ్చేస్తుందన్న మాట అప్పుడే తప్పని తేలింది. కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి, కొన్ని కదలవు.

1985లో బామ్జీ, కె. ప్రేమ తదితరులు తక్కువ మోతాదు మాత్రలు వాడే స్త్రీలకు విటమిన్లు కలిపి ఇస్తే ఏమవుతుందో చూశారు. ఆ మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమం కింద హైదరాబాద్, బొంబాయి, థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ కేంద్రాల ఫలితాలు వచ్చాయి. పోషణ అంతంత మాత్రంగా ఉన్న స్త్రీలలో హార్మోన్ల ప్రభావాన్ని, హార్మోన్లతో సంబంధం లేని ఇతర కారణాల పక్కన పెట్టి తూచిన అధ్యయనం అది. అలా తూచాలని తోచడమే ఆ తరం పరిశోధకుల గొప్పతనం అని నా అభిప్రాయం.

దీని పక్కనే 1982లో అమెరికాలో డాఫ్నీ రో బృందం చేసిన పని చెప్పుకోవాలి. వాళ్లు స్త్రీలకు కొలిచిన ఆహారం పెట్టి చూశారు. మాత్ర వేసుకునేవారికీ వేసుకోనివారికీ రైబోఫ్లేవిన్ అవసరంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1973లో లండన్ బృందం లాన్సెట్‌లో ప్రచురించిన బి6 పరిశోధనదీ అదే దారి. పిల్ వల్ల దిగులు కలిగిందని భావించిన 22 మంది స్త్రీలకు బి6 ఇస్తే, నిజంగా బి6 లోపం ఉన్న 11 మందికి ఉపశమనం కలిగింది. లోపం లేనివారికి కలగలేదు.

ఈ పనులన్నీ కలిపి చదివితే ఒక మాట స్పష్టంగా వస్తుంది. పిల్ తోసేది కొంచెమే. పడిపోయేది ముందే అంచున నిల్చున్నవాళ్లు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1960లో అమెరికాలో అనుమతి పొందిన తొలి పిల్ ఎనోవిడ్‌లో 150 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్, దాదాపు 10 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్ ఉండేవి. మన ప్రభుత్వం అందించే మాలా-డి పిల్‌లో ఉన్నది 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ (ఇథినైల్ ఈస్ట్రడయాల్), 0.15 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్ (లెవోనార్‌జెస్ట్రెల్). కొత్త మాత్రల్లో ఈస్ట్రోజన్ 20 మైక్రోగ్రాములకు కూడా దిగింది. యాభై ఏళ్ల కిందటి భయాన్ని ఈనాటి స్ట్రిప్‌కు యథాతథంగా అంటగట్టడం న్యాయం కాదు.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరుగుతుందా?

రక్తంలో కొలిచే సూచికల వరకు, పెరుగుతుందనే చాలా పరిశోధనలు చెబుతున్నాయి. బెల్జియంలోని లీజ్ ప్రాంతంలో 40 నుంచి 48 ఏళ్ల స్త్రీలపై 2007లో వచ్చిన అధ్యయనంలోనూ, అదే దేశం నుంచి 2009లో 18–35 ఏళ్ల వారిపై వచ్చిన అధ్యయనంలోనూ పిల్ వాడేవారి రక్తంలో ఆక్సీకరణకు గురైన కొవ్వుల స్థాయి ఎక్కువగా ఉంది. రాగి కూడా ఎక్కువగా ఉంది. దీనికి కారణం ఊహించదగ్గదే. నోటి ద్వారా వేసుకున్న ఈస్ట్రోజన్ ముందుగా కాలేయంలోంచి వెళ్తుంది. అక్కడ రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ తయారీ పెరుగుతుంది. దాంతో రక్తంలో రాగి కొలత పెరుగుతుంది. రాగికీ కొవ్వుల ఆక్సీకరణకూ సంబంధం ఉందని ఆ పరిశోధకులు గమనించారు.

2012లో ఇరాన్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. పిల్ వాడే స్త్రీలలో గ్లూటాథయోన్ మీద ఆధారపడి పనిచేసే ఎంజైములు మందగించాయనీ, కొన్ని వారాలు సి, ఇ విటమిన్లు ఇస్తే ఆ కొలతలు మెరుగుపడ్డాయనీ చెప్పారు. పిల్‌కు తోడు యాంటీ ఆక్సిడెంట్ అన్న ప్రచారానికి ఎక్కువగా ఆధారం ఇలాంటి పరిశోధనలే. ఆ ఎంజైముల్లో ఒకటి తార్నాకలో కొలిచిన రిడక్టేజే. దానికి నేరుగా కావలసిన విటమిన్ బి2. అయినా కౌంటర్ మీద ముందు వరసలో ఉండేవి సి, ఇ. బి2 లోపం ఉన్న ఆడపిల్లకు ఏది ముందు అందాలో ఆలోచించడానికి ఇదొక్కటి చాలు.

సూచిక మెరుగుపడితే ఆరోగ్యం మెరుగుపడినట్టేనా? ఈ ప్రశ్న దగ్గరే మొత్తం వాదన తడబడుతుంది. పిల్ వాడకంలో మనం నిజంగా భయపడాల్సింది రక్తనాళంలో గడ్డ కట్టడం. యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం, పిల్ వాడని, గర్భం లేని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి ఈ సమస్య వస్తుంది. లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్న పిల్‌తో 5 నుంచి 7 మందికి, పీసీఓడీకి తరచుగా రాసే డ్రోస్పైరినోన్ పిల్‌తో 9 నుంచి 12 మందికి వస్తుంది. సంఖ్యగా చూస్తే చిన్నదే. కానీ వచ్చినవారికి ప్రాణాంతకం కావచ్చు. విటమిన్లు వేసుకున్న పిల్ వాడకందార్లలో గడ్డలు తగ్గాయని నిరూపించిన పరీక్ష లేదు. అమెరికాలో దాదాపు 40,000 మంది, 45 ఏళ్లు దాటిన స్త్రీలతో జరిగిన విమెన్స్ హెల్త్ స్టడీలో ఇ విటమిన్ వేసుకున్నవారికి గడ్డలు కొంత తగ్గినట్టు 2007లో ఒక విశ్లేషణ వచ్చిన మాట నిజం. అది ఆ అధ్యయనం ప్రధానంగా అడిగిన ప్రశ్న కాదు. ప్రధాన ప్రశ్న గుండెజబ్బు, క్యాన్సర్. వాటిపై 2005లో వచ్చిన జవాబు, మొత్తం మీద లాభం లేదని.

మిగతా పెద్ద పరీక్షలు ఇంకా గట్టిగా హెచ్చరించాయి. 1994లో ఫిన్లాండ్‌లో 29,000 మందికి పైగా పొగతాగే మగవాళ్లకు విటమిన్లు ఇచ్చినప్పుడు, బీటా కెరోటిన్ వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. 2011లో రోజుకు 400 యూనిట్ల ఇ విటమిన్ వేసుకున్న అమెరికా మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనిపించింది. వీళ్లు పిల్ వాడే స్త్రీలు కాదు కాబట్టి ఆ అంకెలు నేరుగా వర్తించవు. అయినా ఆక్సీకరణను అణచడం ఎప్పుడూ మంచిదే అన్న నమ్మకాన్ని అవి పడగొట్టాయి. 2009లో జర్మనీ పరిశోధకులు చూపినది మన గచ్చిబౌలి జిమ్‌లకు వెళ్లేవారికి మరీ పనికొస్తుంది. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలవుతుంది కదా, రోజూ 1000 మిల్లీగ్రాముల సి, 400 యూనిట్ల ఇ వేసుకున్నవారిలో ఆ మేలు కనిపించలేదు. వ్యాయామంలో పుట్టే ఆ కాస్త ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఒంటికి కావలసిన సంకేతమే. పీసీఓడీ కోసం ఉదయాన్నే లేచి పరుగెత్తుతున్న అమ్మాయి, ఆ మేలుకు ఎసరుపెట్టే బిళ్ల కొనుక్కోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఐటీ కారిడార్ సంగతి

ఇక్కడి అమ్మాయిల ఒంట్లోని ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు పిల్‌ను ఒక్కదాన్నే బోనులో నిలబెట్టలేం. జాతీయ పోషకాహార సంస్థ 2023లో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులపై ప్రచురించిన అధ్యయనంలో సుమారు సగం మందికి మెటబాలిక్ సిండ్రోమ్, అంటే పొట్ట, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వుల సమస్యలు కలగలిసిన స్థితి, ఉంది. రోజుకు 8 గంటలకు పైగా కూర్చొనే ఉంటున్నారు. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు చేరింది. కొవ్వు పేరుకున్న కాలేయం తానే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు నిలయం. పీసీఓడీ కూడా అంతే. కాబట్టి పీసీఓడీకి పిల్ వాడుతున్నవారి రక్తంలో సూచిక పెరిగి ఉంటే అది పిల్ పనో, జబ్బు పనో, కూర్చున్న కుర్చీ పనో ఒక్క పరీక్షతో విడదీయడం కుదరదు.

పైగా ఇక్కడ పిల్ వాడేవారు ఎందరో సర్వే లెక్కల్లో సరిగా కనిపించరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రధానంగా చూపే గర్భనిరోధక అంకెలు పెళ్లయిన స్త్రీలవి. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో వారిలో దాదాపు 62 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. పిల్ వాటా చాలా చిన్నది. పెళ్లికాకుండా పీసీఓడీకో మొటిమలకో పిల్ వాడుతున్న అమ్మాయిలు ఆ పట్టికలో లేనే లేరు. వీళ్లకు తార్నాక అధ్యయనంలోని స్త్రీల తిండి కొరత లేకపోవచ్చు. కానీ వేరే కొరత ఉంది. పీసీఓడీకి పిల్‌తో పాటు చాలామందికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు రాస్తారు. అది దీర్ఘకాలంలో బి12ను తగ్గిస్తుంది. హైదరాబాద్ పట్టణ పెద్దలలో సుమారు మూడో వంతు మందికి బి12 లోపం ఉందని పోషకాహార సంస్థ ముందే చెప్పింది. శాకాహారి అయ్యుండి రెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్న ఆమెకు కావలసింది సి విటమిన్ కాదు, బి12 పరీక్ష. ఆ పరీక్ష చదివేటప్పుడూ జాగ్రత్త కావాలి. పిల్ వల్ల రక్తంలో బి12ను మోసే ప్రొటీన్లు తగ్గి, లోపం లేకున్నా అంకె తక్కువగా రావచ్చు. డి విటమిన్ విషయం తలకిందులు. పిల్ వాడుతుండగా అంకె సుమారు 20 శాతం ఎక్కువ చూపిస్తుంది, మానేశాక పడిపోతుంది. పిల్ వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పకపోతే ఈ రెండు రిపోర్టులూ తప్పుదారి పట్టిస్తాయి.

ఈ అద్దాల మేడలలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులే కాదు, హౌస్‌కీపింగ్‌లో, కిచెన్‌లో, సెక్యూరిటీలో పనిచేసే అక్కలూ ఉన్నారు. 1975 నాటి అధ్యయనంలోని స్త్రీలకు దగ్గరి బంధువులు వాళ్లే. తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. విటమిన్ల ప్రకటనలు వీళ్లను చూడవు, అవసరం మాత్రం వీళ్లకే ఎక్కువ. మాలా-డి స్ట్రిప్‌లో 21 హార్మోన్ మాత్రల తర్వాత ఏడు గోధుమరంగు మాత్రలు ఉంటాయి. అవి ఐరన్ మాత్రలు. పిల్‌తో నెలసరి రక్తస్రావం తగ్గడం, ఈ ఐరన్ తోడవడం రక్తహీనత ఉన్నవారికి నిజమైన మేలు. "అవి ఉత్తివే" అని పారేయకూడదు. పిల్‌కు తోడుగా పోషకం ఇవ్వడం మన ప్రభుత్వం ఎన్నడో చేసిన పనే, అదీ అవసరం చూసి చేసిన పని.

అమెరికాలో 2010లో ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ రకం విటమిన్) కలిపిన పిల్‌కు అనుమతి ఇవ్వడానికీ అలాంటి కారణమే ఉంది. పిల్ మానేసిన నెలలోనే గర్భం రావచ్చు. మొదటి వారాల్లో ఫోలిక్ యాసిడ్ లేకపోతే బిడ్డకు వెన్నుపాము లోపాల ముప్పు పెరుగుతుందని 1991లో బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్ష తేల్చింది. పిల్ మానేసి పిల్లల కోసం చూడాలనుకునేవారు కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. ఈ మొత్తం వ్యాసంలో నేను ధైర్యంగా "వేసుకోండి" అనగలిగే విటమిన్ ఇదొక్కటే.

మిగతా వాటికి మోతాదు ముఖ్యం. బి-కాంప్లెక్స్ మామూలు మోతాదులో చవక, ప్రమాదం తక్కువ. కానీ బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వేసుకుంటే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతినవచ్చు. యూరప్ ఆహార భద్రత సంస్థ 2023లో పెద్దలకు రోజుకు 12 మిల్లీగ్రాములను గరిష్ఠ హద్దుగా పెట్టింది. బయోటిన్ గమ్మీలు ఇంకో రకం చిక్కు. థైరాయిడ్ పరీక్ష ఫలితాలను అవి తారుమారు చేయగలవని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రక్తం ఇచ్చే ముందు వాటి సంగతి ల్యాబ్‌లో చెప్పాలి. గ్రాము సి విటమిన్ వేసుకుంటే రక్తంలో పిల్ ఈస్ట్రోజన్ పెరుగుతుందని 1980ల మొదట్లో ఒక భయం లేచింది. 1993లో మరింత జాగ్రత్తగా చేసిన పరీక్షలో అది నిలవలేదు. టీబీకి వాడే రిఫాంపిసిన్ మాత్రం నిజంగానే పిల్ పనితనాన్ని దెబ్బతీస్తుంది. గర్భం రావచ్చు కాబట్టి ఈ సంగతి మరవకూడదు.

తిండి గురించి చెప్పడం చాలామందికి పాత పాటలా అనిపిస్తుందని తెలుసు. అయినా లెక్క చూడండి. ఐసీఎంఆర్ సిఫారసు ప్రకారం స్త్రీకి రోజుకు కావలసిన సి విటమిన్ 65 మిల్లీగ్రాములు. వంద గ్రాముల జామకాయలో 200 దాకా ఉంటుంది. ఇ విటమిన్‌కు గుప్పెడు పల్లీలు, పొద్దుతిరుగుడు నూనె ఉన్నాయి. కేఫెటేరియాలో కష్టమయ్యేది బి2కే. తెల్లన్నం, బంగాళాదుంప కూర, టీతో రోజు గడిస్తే అది అందదు. పెరుగు, గుడ్డు, తోటకూర, మునగాకు పళ్లెంలోకి వస్తే అందుతుంది.

పిల్ వాడే ప్రతి అమ్మాయికీ నా మనవి: విటమిన్ డబ్బా కంటే ముందు బీపీ చూపించుకోండి. కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా, సిగరెట్ అలవాటు ఉందా అన్నది దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. విటమిన్లు తగ్గుతాయన్న భయంతో మాత్రం పిల్ మధ్యలో ఆపకండి.

ఐటీ కంపెనీలు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో లిపిడ్లు, షుగర్ ఉంటాయి. హార్మోన్ మాత్రలు వాడుతున్నారా అన్న ప్రశ్నను, గోప్యత కాపాడుతూ, ఆ ఫారంలో చేర్చాలి. హీమోగ్లోబిన్, బి12 పరీక్షలు హౌస్‌కీపింగ్ సిబ్బందికీ చేయించాలి. తార్నాక సంస్థ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం కలిసి ఈ కారిడార్‌లో తక్కువ మోతాదు పిల్ వాడే స్త్రీలపై, బి2తో, బి2 లేకుండా, కనీసం ఏడాది పాటు సాగే అధ్యయనం మొదలుపెట్టాలి. 1985 తర్వాత ఈ నగర స్త్రీల ఆహారమూ మాత్రా ఉద్యోగమూ అన్నీ మారాయి. వాళ్లకు ఇవ్వాల్సిన జవాబు 2012 నాటి ఇరాన్ పత్రం నుంచి కాక, వాళ్ల రక్తం నుంచే రావాలి.